బెల్లం నా నోట్లోనే వేసుకున్న దినం

సహోదరులారా, సహోదరీలారా, సాక్ష్యం చదివేటప్పుడు మీలో చాలామంది ముందు చివరి పేరా చూస్తారని నాకు తెలుసు. నేనూ అట్లాంటిదాన్నే, రోగి లేచాడా లేదా అని చూసుకుని ఆ తర్వాతే మొదటికి వస్తాను. అందుకని మీకు ఆ శ్రమ లేకుండా ముందే చెప్పేస్తున్నాను: నా భర్త దేవదానం లేవలేదు. ఎంత ఏడ్చి ప్రార్థన చేసినా ఆయన ఊపిరితిత్తులు బాగుపడలేదు, పోయిన మామిడిపూత కాలంలో ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయాడు. అయినా నేను దీన్ని సాక్ష్యమనే రాస్తున్నాను, ఎందుకంటే దేవుడు మా ఇంటిని విడిపించాడు. అది విడుదలో కాదో అంతా చదివి మీరే చెప్పండి.

మేము ఉండింది బనగానపల్లె నుంచి బేతంచెర్ల పోయే వైపు, రోడ్డు పక్కన వరుసగా ఉండే నాపరాయి పాలీషు ఫ్యాక్టరీల్లో ఒకదాని వెనక, పనివాళ్ళకు ఓనరు కట్టించిన రేకుల గదిలో. నా భర్త కటింగు మిషను మీద పనిచేసేవాడు. గని నుంచి ట్రాక్టరులో వచ్చిన బండకు నాలుగు అంచులూ సరిగ్గా కోసి పాలీషుకు పంపడం ఆయన పని, దేవదానం కోసిన బండకు మూలమట్టం పెట్టి చూడనక్కరలేదని పక్క ఫ్యాక్టరీలవాళ్ళు కూడా చెప్పుకునేవారు. బండ కోసేటప్పుడు బ్లేడు మీద నీళ్ళు పడుతూ ఉండాలి, నీళ్ళు పడితే దుమ్ము బురదై కిందికి కారిపోతుంది. కానీ మా సీమలో నీళ్ళ సంగతి మీకు నేను చెప్పాలా! శివరాత్రి దాటిందంటే బోరు గాలి కక్కుతుంది, ట్యాంకరు వచ్చిన దినం నీళ్ళతో, రాని దినం పొడి బ్లేడుతోనే కోసేవారు. అప్పుడు చూడాలి ఆ దుమ్ము! సాయంత్రం పని దిగి వచ్చే మగవాళ్ళంతా ఒకే రంగులో ఉండేవారు, అందులో నా మొగుడు ఎవరో నడకను బట్టి గుర్తుపట్టేదాన్ని.

ఆయన మంచి గొంతున్న మనిషి. మా చిన్న మందిరంలో పాట ఎత్తుకునేది ఆయనే. పల్లవి అయ్యి చరణంలోకి వెళ్ళాడంటే మధ్యలో ఎక్కడా ఆగకుండా ఒక్క ఊపిరితో చివరిదాకా లాగి అక్కడ వదిలేవాడు, కంజీర కొట్టేవాళ్ళు ఈయన ఎప్పుడు వదులుతాడా అని ఆయన నోటివంకే చూస్తూ ఉండేవారు. నేను ఆయన్ని చేసుకున్నదే ఆ పాట విని, సిగ్గు లేకుండా చెబుతున్నాను. అట్లాంటి మనిషికి ఒక ఆదివారం చరణం సగంలో దగ్గు వచ్చింది. నీళ్ళు తాగి మళ్ళీ ఎత్తుకున్నాడు, మళ్ళీ దగ్గు. కొన్నాళ్ళకు పల్లవి మాత్రం పాడి, చరణాలు మా కొడుకు ప్రసన్నకు వదిలేసేవాడు. ఆ తర్వాత పల్లవి కూడా పోయింది, వెనక గోడకు ఆనుకుని కూర్చుని ఉత్త పెదాలు కదిపేవాడు. అయ్యో ప్రభువా, ఆ పెదాలు చూడలేక నేను కళ్ళు మూసుకుంటే అందరూ నన్ను భక్తురాలు అనుకునేవారు.

మా ఫ్యాక్టరీల దగ్గర ఒక నమ్మకం ఉంది. రాతి దుమ్ము మింగిన మనిషి బెల్లం తింటే ఆ బెల్లం దుమ్మునంతా కడిగేస్తుందని. హిందువులు, సాయిబులు, మేము, ఈ ఒక్క విషయంలో అందరిదీ ఒకటే మతం! పని దిగిన మనిషికి ఇంటి ఆడమనిషి గేటు దగ్గరే బెల్లం గడ్డ ఇవ్వాలి. కొత్తగా మిషను పట్టే పిల్లవానికైతే మొదటి దినం స్విచ్చి వేయకముందే కన్నతల్లి తన చేత్తో నోట్లో బెల్లం పెట్టాలి, అది జరగనిదే ఏ ఓనరూ మిషను ముట్టనివ్వడు. నేను అందరికంటే ఒక మెట్టు పైకి పోయాను, ప్రార్థన చేసి మరీ ఇచ్చేదాన్ని. బెల్లం మీద చెయ్యి పెట్టి, "ప్రభువా, నా మొగుని గొంతులో దుమ్ము కడుగు, రొమ్ములో దుమ్ము కడుగు" అని కళ్ళు మూసుకుని అడిగి, ఆ గడ్డ ఆయన చేతిలో పెట్టేదాన్ని. ఆ బెల్లం మీద ఉన్న విశ్వాసం దేవుని మీద ఉండి ఉంటే మా ఊరి గుట్టలు ఎప్పుడో కదిలిపోయి ఉండేవి.

ఊర్లో సూది వేసే ఆయన టీబీ అన్నాడు, ఆయన ఇచ్చిన బిళ్ళలన్నీ మింగించాము, మనిషి ఎండిపోయాడే గానీ దగ్గు తగ్గలేదు. చివరికి కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయాము. అక్కడ ఒక చిన్న వయసు డాక్టరమ్మ రొమ్ము ఫోటోను వెలుతురుకు పెట్టి చాలాసేపు చూసింది. నేను ఊరుకునే రకం కాదు కదా, "అమ్మా, బెల్లం మాత్రం తప్పకుండా పెడతాండా, ఒక్క పొద్దు కూడా మానలేదు" అని గొప్పగా చెప్పాను. ఆమె నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

"బెల్లం కడుపులోకి పోతుందమ్మా, దుమ్ము పోయేది ఊపిరితిత్తుల్లోకి. అక్కడికి బెల్లం చేరదు. లోపల పేరుకున్న రాతిపొడి ఇంక బయటికి రాదు. ఆ పని మానేస్తే ఉన్న ఊపిరైనా కొన్నాళ్ళు నిలుస్తుంది" అని మెల్లగా చెప్పింది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నా ఒళ్ళో బెల్లం మూట ఉండింది, దారిలో దగ్గు వస్తే ఇద్దామని పొద్దున తెచ్చుకున్నది. కిటికీలోంచి విసిరేద్దామనుకున్నాను, చెయ్యి రాలేదు. పక్కన ఆయన నిద్రపోతున్నాడు, రొమ్ములో పిల్లికూతలు. ఇన్నేళ్ళు నేను చేసింది ఏమిటి, గేటు దగ్గర నిలబడి తీపి పెట్టి మళ్ళీ మరుసటి దినం దుమ్ములోకి పంపడమేనా అనుకుంటే దుఃఖం ఆగలేదు, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

సహోదరీలారా, ఆ తర్వాత నేను చేయని ప్రార్థన లేదు. శుక్రవారం ఉపవాసాలు ఉన్నాను, ప్రార్థన చేయించిన నూనె రొమ్ముకు రాశాను, ఎక్కడ కూటాలు జరిగితే అక్కడికి ఆయన్ని నడిపించుకుంటూ పోయి సేవకుల చేత తల మీద చెయ్యి పెట్టించాను. ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడైతే దేవునితో పోట్లాటే! "సామీ, సచ్చినోళ్ళను లేపినావంట, ఈయప్ప దగ్గు మాన్పలేవా? నీకు చాతకాదా, మనసు లేదా? ఏదో ఒకటి చెప్పు!" అని అరిచేదాన్ని. దేవుడు ఏమీ చెప్పలేదు. మందిరంలో మిగతావాళ్ళు లేచి నడుము నొప్పి పోయిందని, కోర్టు కేసు తేలిందని సాక్ష్యాలు చెబుతుంటే చప్పట్లు కొడుతూనే లోపల కుళ్ళిపోయేదాన్ని.

డాక్టరమ్మ మానమన్నా ఆయన మిషను వదల్లేదు, ఇంక నిలబడలేని స్థితికి వచ్చాక అది కొన్నాళ్ళు ఖాళీగా ఉండింది. ఇంటరు చదివి ఇంట్లో ఉన్న ప్రసన్నకు ఏదైనా పని చూపించమని నేను ఉపవాసముండి అడిగాను. అడిగిన వారంలోనే ఓనరు మా గదికి వచ్చాడు, అంత పెద్దమనిషి మా గడప తొక్కడం అదే మొదటిసారి.

"ఏమప్పా దేవదానం, నీ మిషను మీద బయటోన్ని నిలబెట్టేకి నాకు మనసు రాలేదు. నీ కొడుకును పంపు. నాయన చెయ్యి కొడుక్కు రాకుండా పోతాదా?" అన్నాడు.

ఆయన చెడ్డవాడు కాదు, మాకు మేలు చేస్తున్నాననే అనుకున్నాడు. నా భర్త కళ్ళలో ఎన్నో నెలల తర్వాత వెలుగు కనిపించింది. ప్రసన్న కూడా ఆలోచించలేదు, "నేను పోతా నాయనా, నువ్వు ఇంటికాడ కూచో" అన్నాడు. సంఘంలో అందరూ స్తోత్రం చెప్పారు, చూశావా రాహేలమ్మా, అడిగిన వారంలోనే జవాబు వచ్చింది అన్నారు. నేనూ స్తోత్రం అన్నాను గానీ ఆ మాట నా చెవికే పరాయిగా వినిపించింది.

అక్కడ నేను ఇరుక్కుపోయాను. అడిగింది నేనే, ఇచ్చింది దేవుడే అని అందరూ అంటున్నారు, ఇప్పుడు వద్దంటే దేవుడిచ్చినదాన్ని కాలదన్నినట్టు కాదా? వద్దంటే ఆ గది కూడా ఉండదు, మంచాన ఉన్న మొగుని మాట జవదాటిన ఆడది అన్న పేరు మాత్రం ఉంటుంది. ఒప్పుకుంటే నా కొడుకు! ఒక సాయంత్రం ధైర్యం చేసి ఆయన దగ్గర కూర్చుని, "వాన్ని ఆ దుమ్ములోకి పంపొద్దయ్యా, నీ గతి నువ్వే చూస్తాండావు గదా" అన్నాను.

"ఆ మిషను మనకు అన్నం పెట్టిందే. అది పరాయోని చేతికి పోతే నేను బతికుండి ఏం లాభం? నువ్వు నోరు మూసుకోని బెల్లం తెచ్చిపెట్టుకో" అన్నాడు. ఆ రెండు మాటలు అనేసరికి దగ్గుతో ముడుచుకుపోయాడు, నేను వీపు నిమురుతూ ఉండిపోయాను.

ఆ ఆదివారం మందిరంలో మా పాస్టరు అయ్యగారు ఆదాము గురించి చెప్పారు. దేవుడు మంటితో మనిషిని చేసి ముక్కులో తన ఊపిరి ఊదాడన్న సంగతి. చిన్నప్పటి నుంచి విన్నదే, సగం నిద్రలో వినేదే. కానీ ఆ దినం నాకు ఒక పక్క మా ఆయన రొమ్ములో పిల్లికూతలు వినబడుతున్నాయి, ఇంకో పక్క ప్రసన్న గుండెల నిండా గాలి పీల్చుకుని పాడుతున్నాడు. దేవుడు తన నోటితో ఊదిన ఊపిరిని మనం రాతిపొడితో పూడ్చి పెడుతున్నామా అనుకున్నాను. పోయిన ఊపిరి కోసం ఇన్నాళ్ళు దేవుని గడ్డం పట్టుకుని అడిగాను, పోకుండా ఉన్న ఊపిరి నా పక్కనే కూర్చుని ఉంటే దానికోసం ఒక్క మాట అడగలేదు! అక్కడే తల వంచుకుని, "ప్రభువా, దారి సూపమని అడగను, దారి కనిపిస్తానే ఉండాది. దాంట్లో అడుగేసేకి ధైర్యం ఇయ్యి. నేను శానా పిరికిదాన్ని సామీ" అని అడిగాను. బయటికి నోరున్న మనిషినే గానీ లోపల నేను పిరికిదాన్నే, అది నాకూ దేవునికీ మాత్రమే తెలుసు.

ఆ వారంలోనే ప్రసన్నను మిషను మీద నిలబెట్టే దినం వచ్చింది. పొద్దున్నే తోటివాళ్ళు మిషనును కడిగి తుడిచి పెట్టారు. మిగతా మిషన్లకు కుంకుమ బొట్లు ఉంటాయి, మా మిషనుకు మా ఆయన ఎప్పుడో తెల్ల పెయింటుతో వేసుకున్న చిన్న సిలువ ఉంది. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని పక్కనే బండల దొంతి మీద కూర్చున్నాడు. అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టారు. మా అయ్యగారు దేశాన్ని, పాలకులను, రైతులను, వానలను అందరినీ తలచుకున్నాకే ఆమెన్ దగ్గరికి వస్తారు. క్షమించండి అయ్యగారూ, మీరు ఇది చదువుతారని తెలుసు. ఎప్పుడూ విసుక్కునే నేను ఆ పొద్దు మాత్రం ఆ ప్రార్థన అయిపోకూడదని కోరుకున్నాను. అయిపోయింది.

"పెట్టమ్మా బెల్లం, నీళ్ళు ఉన్నెప్పుడే నాలుగు బండలు కోయనీ" అన్నాడు ఓనరు.

ప్రసన్న నా ముందుకు వచ్చి నోరు తెరిచాడు. పసిపిల్లవాడిగా ఉన్నప్పుడు ముద్ద కోసం తెరిచినట్టే తెరిచాడు. నాలుక ఎర్రగా, శుభ్రంగా ఉంది. పొద్దున వాళ్ళ నాయన డబ్బాలో ఉమ్మిన తెమడ బూడిదరంగులో ఉండింది, దాన్ని కడిగి వచ్చిన చేత్తోనే నేను ఈ బెల్లం పట్టుకుని ఉన్నాను. చెయ్యి సగం దూరం పోయి ఆగిపోయింది. అందరూ చూస్తున్నారు. ఏమి జరిగిందో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను, ఆ చెయ్యి వెనక్కి తిరిగి నా నోటికే వచ్చింది, గడ్డ మొత్తం నా నోట్లోనే వేసుకున్నాను! అది నేను ఆలోచించి చేసిన పని కాదు, ఆలోచిస్తే నాకు అంత ధైర్యం ఎక్కడిది! దేవునికే మహిమ!

నోటినిండా బెల్లం, మాట రాదు, కళ్ళలో నీళ్ళు. కొడుకు చెయ్యి పట్టుకుని మిషను దగ్గర నుంచి ఇవతలికి లాగాను. "ఇదేందమ్మా, పిచ్చా ఏమన్నా?" అన్నాడు ఓనరు. "ఏమే రాహేలూ, అందరి ముందర నా పరువు తీస్తాండావా!" అని నా భర్త లేవబోయి, దగ్గు ముంచుకొచ్చి బండల మీదే కూలబడ్డాడు. నేను బెల్లం మింగి, "నా కొడుకును ఈడ నిలబెట్టను సామీ. బెల్లం దుమ్మును కడగదంట. కడిగేదే అయితే ఈయప్ప ఇట్ల అయ్యుండడు" అన్నాను. అయ్యగారు నా పక్షాన ఒక్క మాట అంటారేమోనని చూశాను, అనలేదని కోపం కూడా వచ్చింది. తర్వాత ఎన్నో వారాలకు ఆయనే మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చి, ఆ పొద్దు నాకు మాట రాలేదమ్మా అని చెప్పారు, ఆ మాటతో నా కోపం పోయింది.

మేము ఆ గది వదిలేశాము. బనగానపల్లె దగ్గర ఒక మామిడితోటకు మా అన్న కాపలా ఉంటాడు, ఆ తోటలోనే అంటుమొక్కల నర్సరీ ఉంది. వాళ్ళ కొట్టం పక్కన మాకొక చిన్న గుడిసె కట్టిచ్చాడు. ఆటోలో ఆయన్ని పడుకోబెట్టి తీసుకుపోతుంటే ఆయన ఫ్యాక్టరీ వైపే చూస్తూ ఉన్నాడు, నాతో మాట్లాడలేదు. తోటకు వచ్చాక కూడా మాట్లాడలేదు. అన్నం పెడితే తినేవాడు, వీపు నిమిరితే ఊరుకునేవాడు, నా వైపు మాత్రం చూసేవాడు కాదు. దేవుడు చూపిన దారిలోకి రాగానే ఆశీర్వాదాలు వర్షంలా కురిశాయని నేను అబద్ధం రాయను. పస్తులున్న దినాలున్నాయి. ఆయన రోగం ముదిరింది. దేవుడిచ్చిన పనిని కాలదన్నింది, అనుభవిస్తోంది అని తెలిసినవాళ్ళే అన్నారు. నిజమేనేమోనని నేనూ భయపడ్డాను, మామిడి చెట్ల కింద మోకాళ్ళ మీద కూర్చుని, "తప్పు సేసినానా సామీ" అని అడిగిన సాయంత్రాలు ఉన్నాయి.

ప్రసన్న నర్సరీలో అంటు కట్టడం నేర్చుకున్నాడు. బేనిషా మామిడి కొమ్మను చాకుతో ఏటవాలుగా కోసి, అట్లాగే కోసిన నాటు మొక్కకు ఆనించి పట్టీ చుట్టాలి, కోత వంకర పోతే అంటు పట్టదు. వాడి కోత వంకర పోయేది కాదు. ఒక దినం పొద్దు వాలేటప్పుడు మా ఆయన సైగ చేసి వాడు కోసిన కొమ్మ ఒకటి తెప్పించుకున్నాడు. బండ అంచును ఎట్లా చూసేవాడో అట్లాగే ఆ కోత మీద బొటనవేలు పెట్టి మెల్లగా రాసి చూశాడు. "అంచు బాగుంది" అన్నాడు. తోటకు వచ్చిన తర్వాత నేను విన్న మొదటి మాట అది. నాయన చెయ్యి కొడుక్కు వచ్చింది, ఓనరు అన్నది అబద్ధం కాలేదు.

వాడు అక్కడే కూర్చుని అంటు కడుతూ పాట ఎత్తుకున్నాడు. చరణంలోకి వెళ్ళి ఎక్కడా ఆగకుండా చివరిదాకా లాగి వదిలాడు. మా ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు, కన్నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. తర్వాత నా చెయ్యి పట్టుకుని, ఒక్కొక్క మాటకు ఆగి ఆగి, "ప్రభువా, నాకు ఊపిరి ఇయ్యలేదని నిన్ను అడగను. వానిది వానికి ఉండనిచ్చినావు. సాలు సామీ" అని ప్రార్థన చేశాడు. ఆమెన్ అన్నాక నా వైపు తిరిగి, "ఆ పొద్దు బెల్లం నువ్వు తినింది మంచిదయిందే" అన్నాడు. ఆయన మామిడి పూత రాలకముందే వెళ్ళిపోయాడు. సమాధి దగ్గర పాట ప్రసన్నే ఎత్తుకున్నాడు.

ఒక్క మాట దాచకుండా చెప్పాలి. మా మిషను ఖాళీగా లేదు. కోసిగి వైపు వానల్లేక పనికోసం వచ్చిన ఒక కుటుంబంలో పిల్లవాడు ఇప్పుడు దాని మీద నిలబడ్డాడని తెలిసింది. నేను అక్కడికి పోయాను. గేటు దగ్గర వాళ్ళమ్మ బెల్లం పట్టుకుని నిలబడి ఉంది, నేను ఎన్నో ఏళ్ళు నిలబడిన చోటే. ఆమెకు అంతా చెప్పాను, డాక్టరమ్మ చెప్పింది కూడా చెప్పాను. ఆమె ఓపికగా విని, "నీకు మీ అన్న తోట ఉండాదక్కా, నాకు యాడుండాది?" అంది. నర్సరీలో పని ఉన్నప్పుడల్లా ఆమెకు కబురు పంపుతున్నాను, ఇంకా రాలేదు. మీలో ప్రార్థన చేసేవాళ్ళు ఆ తల్లి కోసం చేయండి, పని చూపించగలిగినవాళ్ళు చూపించండి, ప్రార్థన చేసి ఊరుకోవద్దు.

సహోదరులారా, మీరు ఏ దారిలో ఇరుక్కున్నారో నాకు తెలియదు. అది తాగుడో, పగలో, ఎవరో మీకు మేలనుకుని చూపించిన పనో. దారి మార్చుకుంటే నవ్వుతారని, ఉన్న నీడ పోతుందని భయం ఉంటుంది, నిజంగానే పోతుంది కూడా. అయినా అడగండి. అడిగినది ఇవ్వకపోయినా, అడుగు వెనక్కి తిప్పడానికి కావలసిన ధైర్యం ఆయన ఇస్తాడు, నా వంటి పిరికిదానికి ఇచ్చినవాడు మీకు ఇవ్వడా!

ఇప్పుడు మా మందిరంలో ప్రసన్నే పాట ఎత్తుకుంటాడు. నేను మా ఆయన ఆనుకుని కూర్చున్న వెనక గోడ దగ్గరే కూర్చుంటాను. వాడు చరణం లాగుతూ లాగుతూ చివరికి వచ్చేసరికి ఇప్పుడు దగ్గు వస్తుందని ఎదురుచూస్తాను, ప్రతి ఆదివారం ఎదురుచూస్తాను. రాదు. దేవునికే మహిమ.